టి.సి. తీసుకోవాలా, వద్దా?



ఈసారి గోడ పత్రికకు సైన్సు పాఠం ఏదైనా రాయమని బోటనీ మేడం అడిగారు. కిరణజన్య సంయోగక్రియ రాద్దామని మొదలుపెట్టాను. కానీ అది పుస్తకంలోనే ఉంది కదా. పుస్తకంలో లేని ఒక పాఠం నేను 2025 వేసవి సెలవుల్లో నేర్చుకున్నాను. అదే రాస్తున్నాను. బై.పి.సి. వాళ్లు తప్పక చదవండి. పదో తరగతి చెల్లెళ్లకు ఇంకా ఎక్కువ పనికొస్తుంది.

ప్రశ్న ఇది. డాక్టరు కావాలనుకునే విద్యార్థి ఇంటర్ మధ్యలో ఒక ప్రభుత్వ కాలేజీ నుంచి ఇంకో ప్రభుత్వ కాలేజీకి మారవచ్చునా? మారితే వచ్చేదేమిటి, పోయేదేమిటి?

ముందు నా సంగతి చెప్తాను. ఫస్టియర్‌లో నాకు బోటనీలో 60కి 54, జువాలజీలో 52 వచ్చాయి. ఫిజిక్సులో 31. ఎందుకో మీకందరికీ తెలుసు. సెప్టెంబరులో ఫిజిక్సు సారుకు బదిలీ అయింది, పరీక్షల దాకా ఆ కుర్చీ ఖాళీగానే ఉంది. ఎవరినీ తప్పు పట్టడానికి రాయడం లేదు, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

సెలవుల్లో రాజమహేంద్రవరం నుంచి మామయ్య వచ్చాడు. అక్కడ మేస్త్రీ పని చేస్తాడు. నా మార్కుల కాగితం చూసి, "డాక్టరవుతానన్న పిల్లవి, ఫిజిక్సులో ముప్పై ఒకటా? మా వీధి చివరనే సర్కారు జూనియర్ కాలేజీ ఉంది. అన్ని సబ్జెక్టులకూ సార్లున్నారు. సాయంత్రం కోచింగ్ పెట్టిస్తా. మా ఇంట్లో ఉండి చదువుకో. పోయి టీసీ తెచ్చుకో" అన్నాడు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. సంతోషంతోనే. అమ్మ మాత్రం, "నీ చదువు సంగతి నాకు తెల్వదు బిడ్డా. తెలిసినోళ్లను అడిగి చెయ్యి" అన్నది.

జూన్‌లో కాలేజీ తెరవగానే ఆఫీసుకు వెళ్లాను. క్లర్కు సారు టీసీ పుస్తకం తీశారు, పెన్ను మూత కూడా తీశారు. అంతలో వార్డెన్ మేడం వచ్చి, "ఏ ఊరికి పోతున్నావు?" అని అడిగారు. రాజమండ్రి అన్నాను. "అయితే వేరే రాష్ట్రం. నీ లోకల్ సంగతి చూసుకున్నావా?" అన్నారు. నేను బిత్తరపోయాను. గోదావరి ఇక్కడ పారేదే కదా అక్కడా పారేది. లోకల్ ఎందుకు పోతుంది అనుకున్నాను. మేడం సారుతో, "ఆ కాగితం రేపు రాయండి" అని చెప్పి నన్ను కూర్చోబెట్టి చెప్పిన పాఠం ఇది. కొంత తర్వాత నేను అడిగి తెలుసుకున్నది కూడా కలిపాను.

లోకల్ అంటే మనం పుట్టిన ఊరు కాదు, మనం చదివిన చోటు. రాజ్యాంగంలో 371-డి అధికరణం కింద 1974లో రాష్ట్రపతి ఉత్తర్వు ఒకటి వచ్చింది. అప్పటి ఆంధ్రప్రదేశ్‌ను మూడు ప్రాంతాలుగా చేశారు: ఆంధ్రా యూనివర్సిటీ, శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీ, ఉస్మానియా యూనివర్సిటీ ప్రాంతాలు. ప్రవేశానికి అర్హత ఇచ్చే పరీక్ష, అంటే మనకు ఇంటర్, రాసే సంవత్సరంతో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు ఏ ప్రాంతంలో చదివితే ఆ ప్రాంతానికి లోకల్. నూటికి 85 సీట్లు లోకల్ వాళ్లకు. నాలుగేళ్లు ఒకేచోట చదవని వాళ్లకు ఏడేళ్ల లెక్క ఉండేది. ఏడేళ్లూ రాష్ట్రంలోనే చదివి ఉంటే, ఎక్కువ కాలం చదివిన ప్రాంతానికి లోకల్. అప్పుడు రాష్ట్రం ఒకటే కాబట్టి గోదావరి పైనుంచి కిందికి పోయి చదివినా ఏదో ఒకచోట లోకల్ అయ్యేవాళ్లు. మెడికల్ కౌన్సెలింగ్ కూడా అందరికీ విజయవాడ హెల్త్ యూనివర్సిటీ నుంచే జరిగేది.

2014లో రాష్ట్రం రెండయింది. మనవాళ్లకు ఇది మ్యాపులో గీత మాత్రమే కాదు. మా మేనత్తది చింతూరు మండలం. 2014 దాకా అది ఖమ్మం జిల్లా. పోలవరం ప్రాజెక్టు కోసం చింతూరు, కూనవరం, వి.ఆర్. పురం, కుకునూరు, వేలేరుపాడు మండలాలను, బూర్గంపాడులో కొంతభాగాన్ని, భద్రాచలం పట్టణం తప్ప ఆ మండలంలోని మిగతా ఊళ్లను ఆంధ్రాలో కలిపారు. అత్త ఇల్లు కదల్లేదు, చింతచెట్టు కదల్లేదు, రాష్ట్రం మారింది. పండక్కి అక్కడికి పోయి వస్తాం, పెళ్లిళ్లు చేసుకుంటాం. అందుకే మామయ్యకు గానీ నాకు గానీ "వేరే రాష్ట్రం" అన్న మాట తోచనేలేదు. ఇక్కడ మెడికల్ సీట్లు ఇప్పుడు వరంగల్ కాళోజీ యూనివర్సిటీ చూస్తుంది, అక్కడివి విజయవాడ ఎన్టీఆర్ యూనివర్సిటీ చూస్తుంది.

2024లో తెలంగాణ ప్రభుత్వం ఎం.బి.బి.ఎస్. నియమాన్ని ఇంకా గట్టి చేసింది. 9, 10, ఇంటర్ రెండేళ్లు, వరుసగా ఈ నాలుగూ తెలంగాణలోనే చదివి, ఇంటర్ ఇక్కడే పాసై ఉండాలి. దానిమీద కేసులు పడ్డాయి. 2024 సెప్టెంబరులో హైకోర్టు, ఇక్కడి శాశ్వత నివాసులకు ఈ షరతు పెట్టరాదన్నది. సర్కారు సుప్రీంకోర్టుకు పోతే అక్కడ ఆ తీర్పుపై స్టే వచ్చింది. నేను టీసీ కోసం నిలబడిన జూన్ నాటికి సంగతి తేలలేదు. మేడం, "తేలని దానిమీద నీ సీటు పెట్టకు" అన్నారు.

సరే, నా లెక్క వేసుకున్నాను. మీరూ మీ లెక్క నోటు పుస్తకంలో వేసుకోండి. నేను తొమ్మిది, పది, ఇంటర్ ఫస్టియర్ ఇక్కడ చదివాను. సెకండియర్ అక్కడ చదివితే ఇక్కడ మూడు, అక్కడ ఒకటి. ఇక్కడ ఇంటర్ పాస్ కాలేదు కాబట్టి ఇక్కడ లోకల్ కాను. అక్కడ నాలుగేళ్లూ లేవు, ఏడేళ్లూ లేవు కాబట్టి అక్కడా కాను. రెండు రాష్ట్రాల మధ్య గోదావరిలో పడవ మీద నిలబడ్డట్టే.

కొత్తగూడెం ప్రభుత్వ మెడికల్ కాలేజీలో చదువుతున్న మన సీనియర్ అక్కకు ఆదివారం హాస్టల్ ఫోనులో ఈ సంగతి చెప్పాను. ఆమె మరో విషయం చెప్పింది. 2014 జూన్ తర్వాత తెలంగాణలో పెట్టిన మెడికల్ కాలేజీల్లో కన్వీనర్ కోటా సీట్లు 85 కాదు, మొత్తం లోకల్ వాళ్లకేనని 2023లో నియమం మార్చారట. కొత్తగూడెం కాలేజీ 2022లో మొదలైంది. అంటే మన ఇంటికి దగ్గరి కాలేజీ తలుపే నాకు మూసుకుపోయేది.

మామయ్యకు ఫోను చేసి చెప్తే ఆయన నవ్వాడు. "మనం ఎస్టీలం. కోయవాళ్లం అక్కడా ఎస్టీలే, ఇక్కడా ఎస్టీలే. రిజర్వేషన్ ఎటు పోతుంది?" అన్నాడు. నాకూ నిజమే అనిపించింది. ఇది మనలో చాలామంది నమ్మే మాట, అందుకే దీని దగ్గర కొంచెం ఆగుతాను.

రాజ్యాంగం 342వ అధికరణం షెడ్యూల్డు తెగల జాబితాను రాష్ట్రం వారీగా ఇచ్చింది. పేరు రెండు జాబితాల్లో ఉన్నా, ఒక రాష్ట్రపు ఎస్టీ ఇంకో రాష్ట్రానికి పోగానే అక్కడి ఎస్టీ అయిపోడు. 1990లో సుప్రీంకోర్టు తీర్పిచ్చిన కేసు ఒకటుంది, అది కూడా మెడికల్ సీటు గురించే. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్టీగా గుర్తింపు ఉన్న కుటుంబం తండ్రి ఉద్యోగం వల్ల బొంబాయి పోయింది. కొడుకు చిన్నప్పటి నుంచి అక్కడే పెరిగి, అక్కడి మెడికల్ కాలేజీలో ఎస్టీ కోటా అడిగాడు. కోర్టు ఇవ్వలేమన్నది. ఒక రాష్ట్రంలో ఒక తెగ పడే కష్టాన్ని బట్టి ఆ రాష్ట్రానికి జాబితా చేశారు, అది మనిషి వెంట ఊరూరా రాదు అని దాని సారాంశం. చదివినప్పుడు నాకు కోపం వచ్చింది. రాష్ట్రం మారినంత మాత్రాన తెగ మారుతుందా? కానీ నా కోపంతో రూలు మారదు.

పైగా ఇక్కడ 2022 నుంచి ఎస్టీలకు నూటికి 10. అక్కడ 6. లెక్కలో కూడా ఇక్కడే మేలు.

అఖిల భారత కోటా మాత్రం ఎక్కడ చదివినా ఉంటుంది. ప్రభుత్వ కాలేజీ సీట్లలో 15 శాతం దానికి పోతాయి, అందులో ఎస్టీలకు ఏడున్నర శాతం. వెయ్యి సీట్లుంటే 150, ఆ 150లో మనకు 11. ఆ పదకొండుకు దేశంలోని ఎస్టీ పిల్లలందరూ పోటీ. నాకు మిగిలేది ముఖ్యంగా అదే.

ఇంతవరకు చదివి "అయితే కదలకూడదు" అనుకోకండి. ఫిజిక్సు సంగతి తేలలేదు కదా! నీట్‌లో 180 ప్రశ్నలు, 720 మార్కులు, మూడు గంటలు. బయాలజీ 90 ప్రశ్నలు, 360 మార్కులు. ఫిజిక్సు 45, కెమిస్ట్రీ 45. తప్పు రాస్తే ఒక మార్కు కోత. సగం పరీక్ష బోటనీ, జువాలజీలే, ఆ మేడములు మనకు బాగా చెప్తారు కాబట్టి పర్లేదని నేను మొదట ధైర్యం చెప్పుకున్నాను. అక్క ఒప్పుకోలేదు. "బయాలజీ బట్టీపట్టి అందరూ తెచ్చుకుంటారు. ర్యాంకు తేల్చేది ఫిజిక్సే" అన్నది. అంటే మామయ్య మాటలో తప్పు లేదు. ఆయన చూపిన చోటే తప్పు.

మారాలంటే రాష్ట్రం లోపల మారవచ్చు. తెలంగాణ అంతా ఒకే లోకల్ ప్రాంతం. ఆదిలాబాద్ నుంచి భద్రాచలం వచ్చినా నాలుగేళ్ల లెక్క తెగదు. మన బ్యాచ్‌లో ఒక అమ్మాయి ఇలాగే జిల్లా మారి వేరే గురుకులానికి పోయింది, ఆమెకు నష్టం లేదు. నేనూ ఆ దారి అడిగాను. సెకండియర్‌లో ఖాళీ సీటు ఉంటేనే తీసుకుంటామన్నారు, ఖాళీ లేదు. ఇక్కడ టీసీ చింపాక అక్కడ సీటు దొరక్కపోతే మళ్లీ ఇక్కడి సీటు ఉంటుందా అని ప్రిన్సిపాల్ సారును అడిగాను. "మాట ఇవ్వలేనమ్మా" అన్నారు. సూటిగా చెప్పినందుకు సారుకు కృతజ్ఞతలు. కాబట్టి మారేవాళ్లు అవతల సీటు కాగితం చేతికొచ్చాకే ఇవతల టీసీ అడగండి.

చివరికి ఉండిపోయాను. మామయ్య నెల రోజులు అలిగాడు. సెప్టెంబరు 1, 2025న సుప్రీంకోర్టు తెలంగాణ నాలుగేళ్ల నియమం చెల్లుతుందని తీర్పిచ్చింది. మర్నాడు పేపరులో చూసి వార్డెన్ మేడం నన్ను పిలిపించి చూపించారు. ఆ పేపరు ముక్క నా ట్రంకు పెట్టెలో ఉంది. మామయ్యకు కూడా చదివి వినిపించాను. కాసేపు ఏమీ అనలేదు. "ఫిజిక్సు పుస్తకాలు కొని పంపిస్తా" అన్నాడు. పంపించాడు కూడా.

ఉండిపోయినందుకు కష్టం లేదని చెప్పను. దసరా సెలవుల దాకా ఫిజిక్సుకు సారు రాలేదు. అప్పటిదాకా కెమిస్ట్రీ సారే ఉష్ణగతిక శాస్త్రం చెప్పారు. విద్యుత్తు పాఠాలు మేం ఆరుగురం తిప్పలు పడి చదువుకున్నాం. రాత్రి స్టడీ అవరు పదిన్నర దాకా పొడిగించమని అడిగితే మేడం ఒప్పుకున్నారు, లైట్లు ఆర్పే పని మాకే అప్పగించారు. అర్ధసంవత్సర పరీక్షలో నాకు ఫిజిక్సు 38. రాజమండ్రిలో ఉంటే 50 వచ్చేదేమో. వచ్చి ఉండవచ్చు. అది కూడా నేను వదులుకున్న వాటిలో ఒకటి.

పదో తరగతి చెల్లెళ్లకు ఒక పని చెప్తాను. కౌన్సెలింగ్‌లో ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు అడుగుతారు. ఆశ్రమ పాఠశాలలు మారి వచ్చినవాళ్లు ప్రతి బడి నుంచీ తెచ్చుకోవాలి. సెలవుల్లో బడికి తాళం ఉంటుంది, హెడ్మాస్టరు దొరకరు, కాబట్టి బడి నడిచేటప్పుడే అవుట్‌పాస్ అడిగి పోయి రండి. పేరులో, ఇంటిపేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా అక్కడే సరిచేయించండి. కుల ధ్రువపత్రం మీద ఏ రాష్ట్రం, ఏ మండలం ఉందో కూడా చూసుకోండి. సరిహద్దు ఊళ్ల వాళ్లు మరీ ముఖ్యంగా.

నా జిరాక్సుల కట్ట స్టడీ హాల్లో మూడో బెంచీ సొరుగులో ఉంది. ఎలా ఉండాలో చూడాలనుకునేవాళ్లు వచ్చి చూడవచ్చు. ఫిజిక్సు లెక్కలు బాగా వచ్చినవాళ్లు వస్తే ఇంకా సంతోషం.

ఇట్లు,
ఇంటర్ ద్వితీయ సంవత్సరం, బై.పి.సి.