పొద్దుండంగనే బువ్వ

రాత్రి ఒంటిగంటా నలభై. పక్క మీద ఉలిక్కిపడి లేచి కూర్చున్నాను. గొంతులోకి పుల్లటి నీళ్లు ఎగదన్నాయి. రొమ్ము ఎముక వెనకాల ఎవరో నిప్పుకణిక పెట్టి ఊదుతున్నట్టు మంట. దగ్గు ఆగదు, మాట రాదు. నా భార్య లైటు వేసి, నా ముఖం చూసి, నన్నేమీ అడక్కుండా మా బామ్మర్దికి ఫోన్ చేసింది. అరగంట తిరక్కముందే కరీంనగర్‌లో ఒక ఆసుపత్రిలో నా ఛాతీ మీద తీగలు అతికించి ఈసీజీ తీస్తున్నారు.

గుండె బాగానే ఉంది. డ్యూటీలో ఉన్న చిన్న వయసు డాక్టరమ్మ కాగితం పక్కన పెట్టి రెండే ప్రశ్నలు అడిగింది. "రాత్రి ఎన్నిటికి తిన్నరు? ఎన్నిటికి పండుకున్నరు?"

పన్నెండున్నరకు తిన్నాను. ఒంటిగంటకు పడుకున్నాను. అప్పటికి పన్నెండేళ్లుగా అంతే. పత్రిక డెస్కు ఉద్యోగం నాది. పేజీలు ప్రెస్సుకు పోయేసరికి అర్ధరాత్రి అవుతుంది. ఇంటికొచ్చి, మూతలు పెట్టిన గిన్నెలు తెరిచి, సాయంత్రమంతా చాయ్‌లతో అణుచుకున్న ఆకలి తీరేదాకా తిని, కడిగిన చెయ్యి ఆరకముందే పక్క మీద వాలేవాణ్ని. ఆ పన్నెండేళ్లలో మందుల షాపుకు ఎన్నిసార్లు పోయానో లెక్కలేదు. "అన్నా, గ్యాస్ గోలీలు ఒక షీట్ ఇయ్యి" అంటే చాలు, చేతిలో పడేవి. ఎన్నిటికి తింటున్నావని వాళ్లు నన్ను అడగలేదు. నేనూ నన్ను అడుక్కోలేదు. తప్పు నాదే.

మన దిక్కు అన్నింటికీ ఒకటే పేరు, గ్యాస్. ఛాతీ మండితే గ్యాస్, కడుపు ఉబ్బితే గ్యాస్, భుజం గుంజినా గ్యాసే. ఈ మాట మన ప్రాణాల మీదికి తెస్తోంది. ఛాతీ బరువెక్కి, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకి, చెమటలు పట్టాయంటే అది గ్యాస్ అని తేల్చే హక్కు మీకు లేదు, మీ పక్కింటాయనకూ లేదు. సోడా తాగి చూద్దామని కూర్చోకండి. 108కి ఫోన్ చేయండి, ఈసీజీ తీయించండి. గుండె బాగానే ఉందని తేలిన తర్వాతే కడుపు సంగతి. ఆ రాత్రి నా భార్య చేసింది అదే. దానికి ఆమెకు నేను జన్మంతా రుణపడి ఉంటాను.

ఇక మంట సంగతి. మండేది గ్యాస్ కాదు, యాసిడ్. కడుపులో ఊరే రసంలో ఉన్నది హైడ్రోక్లోరిక్ ఆమ్లమని 1824లోనే విలియం ప్రౌట్ అనే ఇంగ్లండు డాక్టరు చెప్పాడు. బాత్రూము కడగడానికి సీసాలో కొనుక్కొచ్చే యాసిడ్ జాతే అది, కాకపోతే పలచన. కడుపు గోడకు జిగురు పూత ఉంటుంది గనక తట్టుకుంటుంది. ముద్ద దిగే గొట్టానికి, అంటే అన్ననాళానికి, అంత గట్టి పూత లేదు. రెండూ కలిసేచోట గుండ్రటి కండరం ఒకటి సంచి మూతికి కట్టిన తాడులా బిగిసి ఉంటుంది. ముద్ద దిగేటప్పుడు వదులై, మళ్లీ బిగుసుకుంటుంది. కడుపు మరీ నిండినా, నూనె ఎక్కువైనా, పొగ తాగినా, మందు తాగినా, పొట్ట పెరిగి కిందినుంచి నొక్కినా ఆ ముడి సడలుతుంది. నిలబడి ఉన్నంతసేపు లోపలి సరుకు కిందికే జారుతుంది కాబట్టి కొంత నయం. నిండు బిందెను అడ్డంగా పడుకోబెడితే ఏమవుతుంది? తిన్నవెంటనే పక్క మీద వాలినప్పుడు మనం చేసేది అదే.

ఈ సంగతి నాకు చిన్నప్పుడే అర్థం కావాల్సింది. మా నాన్న గోదావరిఖనిలో సింగరేణి కార్మికుడు. షిఫ్టులు మారుతుండేవి. రాత్రి షిఫ్టు ఉన్న రోజుల్లో ఇంత తిని, సైకిలెక్కి బాయికి పోయేవాడు. ఆ రోజుల్లో మంట అన్న మాటే ఇంట్లో వినపడేది కాదు. పొద్దటి షిఫ్టు ఉంటే తెల్లారకముందే లేవాలని తిన్నవెంటనే పండుకునేవాడు. ఆ రోజుల్లోనే అర్ధరాత్రి లేచి, "ఛాతిల మంటలేస్తుందే, జర సోడా కలిపియ్యి" అని అమ్మను లేపేవాడు. స్టీలు గిలాసలో తినే సోడా బుసబుసా పొంగడం, నాన్న కళ్లు మూసుకొని గటగటా తాగి గట్టిగా తేన్చడం, అమ్మ ఆయన వీపు రాయడం నా కళ్లముందే జరిగేది. అదే మనిషి, అదే కూర, అదే కారం. తిన్నాక సైకిల్ తొక్కాడా, పండుకున్నాడా అన్నదొక్కటే తేడా. మేము మాత్రం ఏళ్లకేళ్లు కారాన్ని తిట్టుకున్నాం.

అందుకే ఒక మాట గట్టిగా చెప్తున్నాను. ఏం తినాలన్న జాబితాల వెంట పడకండి. ఎన్నిటికి తినాలో ముందు తేల్చుకోండి. తినడానికీ పడుకోవడానికీ మధ్య మూడు గంటలు ఉండాలి. జపాన్‌లో 2005లో వచ్చిన ఒక పరిశోధనలో, తిన్న మూడు గంటల్లోపే పడుకునేవాళ్లలో ఈ యాసిడ్ ఎగదన్నే జబ్బు ఉండే అవకాశం నాలుగు గంటలు ఆగేవాళ్లకంటే ఏడు రెట్లు ఎక్కువని తేలింది. నాకైతే ఆ పరిశోధన కూడా అక్కర్లేదు. నా నోటుబుక్కు ఉంది.

ఆసుపత్రి నుంచి వచ్చిన మర్నాడే ఒక చిన్న నోటుబుక్కులో మూడు గీతలు కొట్టాను. తిన్న టైము, పడుకున్న టైము, మంట వచ్చిందా రాలేదా. నా భార్య మూడు గిన్నెల స్టీలు డబ్బా కొన్నది. కింద రెండు జొన్న రొట్టెలు, మధ్యలో బీరకాయో సొరకాయో కూర, పైన పెరుగు. ఆరుంబావుకు, సరిగ్గా జిల్లా వార్తలు వచ్చిపడే వేళకు, డెస్కు పక్కనున్న కిటికీ దగ్గర డబ్బా విప్పడం మొదలుపెట్టాను. మొదటి వారం నరకం. రాత్రి పదకొండుకు కడుపు కేకలు వేసేది. చాయ్ మీదికి చెయ్యి పోయేది. మూడో రోజే ఓడిపోయాను, ఇంటికొచ్చి పులిహోర తిన్నాను, పడుకున్న కాసేపటికే పుల్లటి తేన్పులతో లేచాను. ఏడుపొచ్చింది. పొద్దున ఆ గీతలో "మంట వచ్చింది" అని రాయడానికి చెయ్యి రాలేదు. కానీ రాశాను. దాచుకుంటే మళ్లీ అదే తప్పు చేస్తామని అప్పటికే తెలిసింది. రెండో వారం నుంచి పదిన్నరకు పలచటి మజ్జిగ ఒక గిలాస తాగి ఊరుకోవడం అలవాటైంది. మొదటి నెలలో పదకొండు రాత్రులు మంట. మూడో నెలలో రెండు. ఆ రెండింటిలో ఒకటి దసరా.

దసరా గురించి చెప్పాలి. మధ్యాహ్నం మటన్, సాయంత్రం జమ్మి, అలయ్ బలయ్. ఎవరింటికి పోయినా పళ్లెం ముందుకొస్తుంది. మన జిల్లాల్లో తినను అంటే వంట బాగాలేదన్నట్టే, మనసులో ఏదో పెట్టుకున్నట్టే. వద్దనలేక రాత్రి పదకొండుకు బోటి కూరతో నిండా తిన్నాను. అర్ధరాత్రి నుంచి తెల్లవారేదాకా కుర్చీలో కూర్చొని గడిపాను. ఆ కుర్చీలో ఒక సంగతి తెలిసొచ్చింది. నాకు సగం జబ్బు కడుపులో ఉంటే, మిగతా సగం వద్దు అనలేని నోటిలో ఉంది. వ్యక్తిత్వం అంటే పెద్ద పెద్ద మాటలు చెప్తారు. ప్రేమగా పెట్టేవాళ్ల చెయ్యి నొప్పించకుండా ఆపగలగడం అంతకంటే కష్టమైన విద్య, దాన్ని నేర్చుకోవచ్చు. నేను నేర్చుకున్నాను. జగిత్యాలలో మేనకోడలి పెండ్లి దావత్ రాత్రి పదికి మొదలైంది. వదిన పళ్లెం పట్టుకొని వచ్చి "గింత తింటే ఏమైతది తమ్మీ" అన్నది. "వదినా, నేను పొద్దుండంగనే తిన్న. నీ చేతి సకినాలు నాలుగు కాగితంల కట్టియ్యి, రేపు పొద్దుగాల తింట" అన్నాను. ఆమె ముఖం వికసించింది. నాలుగు కాదు, ఒక సంచెడు కట్టింది. కొందరికి కోపం వస్తుంది, రానియ్యండి. రాత్రి మీ పక్కన మేల్కొని కూర్చునేది వాళ్లు కారు.

మొన్న ఒక ఆదివారం గంగాధర మండలం కురిక్యాల దగ్గరి బొమ్మలగుట్టకు పోయాను. పదో శతాబ్దంలో కన్నడ కవి పంపడి తమ్ముడు జినవల్లభుడు వేయించిన శాసనం అక్కడి రాతి మీద ఉంది, తెలుగు కంద పద్యాలతో సహా. పైన జైన తీర్థంకరుల బొమ్మలు. చీకటి పడ్డాక తినకూడదన్నది జైనుల నియమం. వాళ్ల కారణం అహింస, దీపానికి వచ్చే పురుగులు చావకూడదని. పొద్దు దిగుతుంటే ఆ గుట్ట మీద నిలబడి, వెయ్యేళ్ల కింద ఈ నేల మీద ఎందరో ఈపాటికి తినేసి ఉంటారని అనుకుంటే నా స్టీలు డబ్బా మీద గౌరవం పెరిగింది.

అయితే గడియారాన్ని గుడ్డిగా పట్టుకోకండి. మా అత్తగారి ఊరు ఆదిలాబాద్ దగ్గర. చలికాలం అక్కడ పది డిగ్రీల లోపుకు పడిపోతుంది. మా మామ ఏడింటికే తిని, ఏడున్నరకల్లా రెండు గొంగళ్ల కింద దూరేవాడు. "నేను నీకంటే ముందే తింట గద అల్లుడా, నాకెందుకు మండుతది?" అన్నాడు. అరగంట తేడాతో పడుకుంటే ఏడైనా ఒకటే, పన్నెండైనా ఒకటే. సిరిసిల్లలో రాత్రంతా సాంచాల దగ్గర నిలబడి, పొద్దున ఇంటికొచ్చి తిని పడుకునే తమ్ముళ్లదీ ఇదే కథ. దుబాయిలో క్యాంపు గదిలో డ్యూటీ దిగాక వండుకొని, తెల్లవారుజాము బస్సు కోసం వెంటనే పడుకునే మన పిల్లలదీ అంతే. మీకు మూడు గంటలు దొరకడం కష్టమని నాకు తెలుసు. మధ్యాహ్నం కడుపునిండా తినండి, పడుకునే ముందటి తిండి సగానికి తగ్గించండి. దొరికిన గంటైనా కూర్చోండి, నడవండి.

మిగతావి తొందరగా చెప్తాను. మంచం తలవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టి ఆరంగుళాలు ఎత్తండి. దిండ్లు పేర్చుకుంటే లాభం లేదు, నడుము మడతపడి పొట్ట ఇంకా నొక్కుకుంటుంది. ఎడమ పక్కకు తిరిగి పడుకోండి. బొజ్జ తగ్గించండి, బెల్టు వదులు చేయండి. బీడీ, తంబాకు, మందు మానండి. పచ్చిపులుసు, మిరపకాయ బజ్జీ, చాయ్ అందరికీ పడవని కాదు, మీకేది పడదో మీ నోటుబుక్కు చెప్తుంది. పాలు తాగితే కాసేపు చల్లగా ఉంటుంది, తర్వాత యాసిడ్ ఇంకా ఊరుతుంది. బీపీ ఉన్నవాళ్లు సోడా జోలికి పోవద్దు, అందులో ఉన్నది సోడియమే. మోకాళ్ల నొప్పులకు ఊరి ఆర్‌ఎంపీ దగ్గర తెచ్చుకొని మింగే గోలీలు కూడా కడుపును కాలుస్తాయి.

గోలీల గురించి మాత్రం కోప్పడకుండా ఉండలేను. ఓమెప్రజోల్‌తో 1988లో మొదలైన ఈ జాతి మందులు మంచివే, ఎందరి కడుపులనో కాపాడాయి. పాంటొప్రజోల్ కూడా ఆ జాతిదే. కానీ వాటిని పరగడుపున, తినడానికి అరగంట ముందు వేసుకోవాలి. నేను పన్నెండేళ్లు తిన్న తర్వాత వేసుకున్నాను! డాక్టరు చెప్పినన్నాళ్లే వాడాలి. ఏళ్లతరబడి మీ ఇష్టానికి వాడితే ఒంట్లో బి12 తగ్గవచ్చు. అట్లాగని ఈ వ్యాసం చదివి రేపటినుంచే ఆపెయ్యకండి. ఒక్కసారిగా ఆపితే యాసిడ్ కసిగా తిరగబడుతుంది. ఎట్లా తగ్గించాలో డాక్టరును అడగండి. నాకు నాలుగు నెలలు పట్టింది.

నాన్న సంగతి ఇంకా ఉంది. రిటైరైన నాలుగేళ్లకు రొట్టె గొంతులో ఆగుతోందన్నాడు. అమ్మ పప్పులో నానబెట్టి పెట్టింది. తర్వాత గట్క, ఆ తర్వాత అంబలి. అంగీ భుజాల మీద వదులైంది. ఐదు నెలలు గ్యాసే అనుకున్నాం. గోలీలు తెచ్చిచ్చింది నేనే. ఎండోస్కోపీ చేసేనాటికి అన్ననాళంలో క్యాన్సర్ బాగా ముదిరిపోయి ఉంది. అది మంట వల్లా, జీవితమంతా దవడలో పెట్టుకున్న తంబాకు వల్లా అన్నది నేను చెప్పలేను. ముద్ద దిగడం లేదని ఆయన చెప్పిన రోజే తీసుకుపోవాల్సింది. అది మాత్రం చెప్పగలను.

మింగేటప్పుడు ముద్ద అడ్డం పడుతున్నా, మలం తారులా నల్లగా వస్తున్నా, వాంతిలో రక్తం కనిపించినా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, యాభై దాటాక కొత్తగా మంట మొదలైనా గోలీతో సరిపెట్టకండి. ఎండోస్కోపీ పది నిమిషాల పని, దానికి హైదరాబాద్ దాకా పోనక్కర్లేదు, కరీంనగర్‌లోనే చేస్తారు. మీ ఇంట్లో పెద్దాయన ఎవరైనా ఈమధ్య రొట్టెను పప్పులో నానబెట్టుకొని తింటున్నాడా? ఎందుకని ఇయ్యాలే అడగండి.