నాలుక కింద చుక్కల మందు: ఎవరికి? ఎన్నాళ్లు?

పొద్దున లేవగానే వరుస తుమ్ములు, ముక్కు కారడం, కళ్ల దురద. మీ ఇంట్లో ఎవరికైనా ఇలా ఉందా? జలుబేలే అని ఊరుకోకండి. వారాల తరబడి తగ్గకపోతే అది అలర్జీ కావచ్చు.

అలర్జీ అంటే ఏమిటి? హాని చేయని పదార్థాన్ని కూడా శరీరం శత్రువనుకొని పోరాడటమే. పరుపుల్లో, దిండ్లలో ఉండే కంటికి కనిపించని పురుగులు, బూజు, జనగామ పొలాల గట్ల మీద పెరిగే వయ్యారిభామ పుప్పొడి ఇందుకు కారణాలు కావచ్చు.

కానీ ఒక తేడా గమనించండి. మహబూబాబాద్‌లో మిరపకాయలు ఎత్తేటప్పుడు వచ్చే తుమ్ములు సాధారణంగా ఘాటు వల్ల వస్తాయి. భూపాలపల్లిలో బొగ్గు దుమ్ముకు వచ్చే దగ్గూ అలాంటిదే. వీటికి చుక్కల మందు పనిచేయదు. ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి. దగ్గు తగ్గకపోతే ఊపిరితిత్తులు పరీక్ష చేయించుకోవాలి.

ఈ వైద్యం ఎలా పనిచేస్తుంది? పడని పదార్థాన్నే కొద్దికొద్దిగా ఇచ్చి శరీరానికి అలవాటు చేస్తారు. 1911లో లండన్‌లో లెనార్డ్ నూన్ అనే వైద్యుడు గడ్డి పుప్పొడి సారాన్ని సూదిమందుగా ఇచ్చి ఈ పద్ధతిని ప్రకటించాడు. తరువాతి కాలంలో సూదికి బదులు నాలుక కింద వేసే చుక్కలు, బిళ్లలు వచ్చాయి.

గుర్తుంచుకోవలసినవి:

1. ముందు చర్మపరీక్షతోగాని, రక్తపరీక్షతోగాని ఏది పడదో తేల్చాలి. పరీక్ష లేకుండా అమ్మే సీసా కొనకండి.

2. మొదటి మోతాదు వైద్యుని ఎదుటే వేసుకొని, అరగంట అక్కడే కూర్చోవాలి. మందును ఒకటి రెండు నిమిషాలు నాలుక కింద ఉంచి మింగాలి. నోటిలో కొంచెం దురద సహజం. ఆయాసం వచ్చినా, గొంతు వాచినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

3. ఉబ్బసం అదుపులో లేనివారికి ఇది తగదు. గర్భిణులు కొత్తగా మొదలుపెట్టరాదు. పిల్లలకు సాధారణంగా అయిదేళ్లు దాటాకే ఇస్తారు.

4. చుక్కలు మొదలుపెట్టామని ఇన్‌హేలర్‌ను సొంతంగా మానకూడదు. పిల్లలకు ప్రాణాపాయం జరిగేది ఇక్కడే.

మామిడి మొక్క నాటిన ఏడాదే కాయలు అడగం కదా! ఈ మందు గుణం కనిపించడానికి నెలలు పడుతుంది. సుమారు మూడేళ్లు రోజూ వాడితే, మానేశాక కూడా కొన్నేళ్లు మేలు నిలుస్తుంది. నడుమ ఆపితే ఖర్చు వృథా. అందుకే మొత్తం ఖర్చెంతో వైద్యుణ్ణి ముందే అడిగి, ఇంట్లో అందరూ కూర్చుని ఆలోచించుకొని మొదలుపెట్టండి.