అమ్ముల తూనిక

బాలలారా! మానవుడు కనిపెట్టిన మిక్కిలి ప్రాచీనములగు సాధనములలో విల్లమ్ములు ముఖ్యమైనవి. తుపాకి పుట్టుటకు పూర్వము వేలకొలది సంవత్సరములు మానవుడు వీని సాయముననే వేటాడి ఆహారమును సంపాదించుకొనెను. మన నల్లమల అడవులలోని చెంచులు విలువిద్యకు ప్రసిద్ధి కెక్కినవారు. విలుకాని నేర్పంతయు వాని కన్నులలోను, చేతులలోను మాత్రమే యున్నదని పలువురు తలతురు. కాని పొదిలోని అమ్ములన్నియు ఒక్క తూనిక గలవిగా నున్నవా లేవా యనునది కూడ గురిని నిర్ణయించును. అది ఎంతవఱకు నిర్ణయించునో ఈ పాఠమున విచారింతము.

విల్లును వంచినపుడు మన బాహుబలము దాని కొమ్మలలో నిలువయగును. నారిని విడువగానే ఆ శక్తి అమ్మునకు సంక్రమించును. విల్లు ఒక్కటే, నారిని లాగిన దూరమును ఒక్కటే యైనచో అమ్మునకు లభించు శక్తియు ఇంచుమించు ఒక్కటే. ఆ శక్తితో తేలిక అమ్ము వడిగా పోవును. బరువైన అమ్ము కొంత మెల్లగా పోవును. అయితే విల్లును విడిచిన క్షణము మొదలు భూమి రెండింటిని సమానముగనే క్రిందికి లాగుచుండును. మెల్లగా పోవు అమ్ము గురిని చేరుటకు ఎక్కువ కాలము పట్టును గనుక అది ఎక్కువగా క్రిందికి దిగును.

ఒక చిన్న లెక్క వేసి చూతము. 25 గ్రాముల అమ్మొకటి సెకనుకు 50 మీటర్ల వేగముతో బయలుదేరిన దనుకొనుడు. అది 20 మీటర్ల దూరమును 0.4 సెకనులో దాటును. ఆ స్వల్పకాలములోనే అది సుమారు 78 సెంటీమీటర్లు క్రిందికి దిగును. అభ్యాసము గల విలుకాడు దీని నెఱిగి, విల్లును కొంచెము పైకెత్తియే విడుచును. అదే పొదిలో 27 గ్రాముల అమ్మొకటి కలిసిన దనుకొనుడు. దాని వేగము సెకనుకు 48 మీటర్లకు తగ్గును. విలుకాడు ఏ లోపము లేకుండ విడిచినను, ఆ అమ్ము మొదటిదానికంటె సుమారు 6 సెంటీమీటర్లు దిగువగా తగులును.

ఇచట గమనింపవలసిన విషయ మొకటి కలదు. దూరము రెట్టింపైనచో ఈ భేదము నాలుగు రెట్లగును. 10 మీటర్ల దూరమున భేదము ఒకటిన్నర సెంటీమీటరు మాత్రమే. 20 మీటర్లకు 6 సెంటీమీటర్లు. 40 మీటర్లకు 25 సెంటీమీటర్లు, అనగా జానెడుకు మించిన దూరము! విల్లు కొమ్మల కదలికకు కూడ కొంత శక్తి వ్యయమగును గనుక నిజమున భేదము దీనికంటె కొంచెము తక్కువగా నుండును. గాలి అడ్డును మనము లెక్కింపలేదు. అయినను మార్గ మిదియే.

అట్లయిన తేలిక అమ్ములే మేలా? కాదు. అన్ని అమ్ములును 27 గ్రాములవే యైనచో విలుకాడు నాలుగు దినముల అభ్యాసముతో వానికి తగినట్లు చేతిని దిద్దుకొనగలడు. అమ్ము బరువుగా నుండుట దోషము కాదు. ఒకదానికొకటి భిన్నముగా నుండుటయే దోషము. ఏ అమ్ము చేతికి వచ్చునో తెలియనపుడు అభ్యాసము వ్యర్థమగును. తూనిక ఒక్కటే చాలదు. బాణపు కఱ్ఱల బిగువు, నిడివి, ములికి, ఈకల కూర్పు కూడ సమానముగా నుండవలెను. బిగువు వేఱైన అమ్ములు విల్లును విడుచునపుడు వేఱువేఱుగా వంగి, కుడికో ఎడమకో తొలగిపోవును.

వేటలో ఈ విషయమునకు మఱింత గౌరవము కలదు. జింక దేహములో గుండెయు ఊపిరితిత్తులును ఉన్న చోటు ఇంచుమించు జానెడు వెడల్పు గలది. అమ్ము అచట తగిలినచో ఆ మృగము శీఘ్రముగా ప్రాణము విడుచును. కొంచెము తప్పి ఉదరమునకో కాలికో తగిలినచో అది గాయముతో పరుగెత్తి, ఏ పొదలోనో పడి, గంటలకొలది బాధపడి చచ్చును. వేటకానికి ఆహారము దక్కదు. మూగజీవికి బాధ తప్పదు. రెండు గ్రాముల అజాగ్రత్తకు ఇంతటి ఫలము కలుగవచ్చును.

మఱి త్రాసులు లేని అడవిజాతులవారు ఎట్లు వేటాడిరి? అమెరికాలోని కాలిఫోర్నియాలో యాహి యను జాతి యుండెడిది. తెల్లవారు వలసవచ్చి వారిలో అధికభాగమును చంపివేసిరి. ఆ జాతిలో మిగిలిన చివరి మనిషి 1911లో ఓరోవిల్ పట్టణమునకు చేరెను. అతని నిజమైన పేరు ఎవరికిని తెలియదు. వారి భాషలో మనిషి యను అర్థము గల ‘ఇషీ’ అను పేరుతో అతనిని పిలిచిరి. సాక్స్‌టన్ పోప్ అను వైద్యుడు అతనితో స్నేహము చేసి విలువిద్యను నేర్చుకొనెను. ఇషీ బాణపు కఱ్ఱలను నిప్పుసెగకు కాచి, వంకర లేకుండ ఓర్పుతో సరిచేయుచుండెడివాడు. అంతకంటె గొప్ప సంగతి మఱియొకటి. అతడు దూరమునుండి అమ్ము విడుచుటకు తొందరపడెడివాడు కాడు. మృగమునకు మిక్కిలి చేరువగా నిశ్శబ్దముగా పోవుచుండెను. కుందేలు కూతను అనుకరించి మృగములను తనయొద్దకే రప్పించుచుండెను. దగ్గఱినుండి విడిచినపుడు తూనికలోని చిన్న భేదము అణగిపోవునని మన లెక్క తెలుపుచున్నది. ఆ లెక్కను కాగితముపై వేయకయే ఇషీ తన నడకలో చూపెను. అతడు 1916లో మరణించెను.

నేడు మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచే వేట నిషిద్ధము. విలువిద్య మాత్రము క్రీడగా వర్ధిల్లుచున్నది. విజయవాడకు చెందిన వెన్నం జ్యోతి సురేఖ 2023లో చైనాలోని హాంగ్‌జౌ నగరమున జరిగిన ఆసియా క్రీడలలో మూడు స్వర్ణపతకములను గెలిచెను. ఆమె పోటీపడు కాంపౌండ్ విభాగమున లక్ష్యము 50 మీటర్ల దూరమున నుండును. పది మార్కుల వలయము వ్యాసము 8 సెంటీమీటర్లు మాత్రమే. అంత దూరమున ఆ చిన్న వలయమును మరల మరల కొట్టవలెనన్నచో అమ్ములలో భేద ముండరాదు. కావుననే క్రీడాకారులు తమ అమ్ములను సున్నితమైన త్రాసులో తూచి, సమానమైనవానిని ఒక జట్టుగా ఏర్పఱచుకొందురు.

బాలలారా! చేతి నేర్పును తూనిక ఇయ్యజాలదు. కాని చేతికి నేర్పు కలిగిన పిదప, ఆ నేర్పు వ్యర్థము కాకుండ కాపాడునది సాధనముల సమానత్వమే. త్రాసు ఉన్నవాడు తూచుకొనవలెను. లేనివాడు ఇషీవలె ఓర్పుతో దగ్గఱకు పోవలెను. ఈ రెండింటిలో దేనిని పాటింపనివాడు తన గుఱి తప్పినపుడు అదృష్టమును నిందించుట తగదు.

ప్రశ్నలు

1. బరువైన అమ్ము తేలిక అమ్ముకంటె దిగువగా తగులుటకు కారణమేమి?
2. అమ్ములన్నియు బరువైనవే యైనచో విలుకానికి నష్టము లేదని రచయిత ఏల చెప్పెను?
3. ఇషీ వేటాడు విధమును మీ మాటలలో వ్రాయుడు.
4. 10 మీటర్ల దూరమున ఒకటిన్నర సెంటీమీటరు భేదమున్నచో 30 మీటర్ల దూరమున ఎంత భేదముండును?