మదర్‌బోర్డు బ్యాటరీని పిల్లలు మింగితే...

ప్రశ్న: డాక్టరు గారూ, మాది గరివిడి. మొన్న రాత్రి కరెంటు పోయి వచ్చాక మా ఇంట్లో కంప్యూటర్ ఆన్ కావడం లేదు. ఫ్యాను తిరుగుతోంది గానీ తెర మీద ఏమీ రావడం లేదు. తెలిసినాయన ఫోన్‌లో చెబితే ప్లగ్గు పీకేసి, మదర్‌బోర్డు మీదున్న గుండ్రటి బ్యాటరీ ఊడదీసి బల్ల మీద పెట్టాను. ఇటు తిరిగేలోగా మా రెండేళ్ల గుంట దాన్ని నోటి దాకా తీసుకెళ్లింది. లాక్కున్నాను. పాత బ్యాటరీయే కదా, మింగినా రూపాయి బిళ్లలాగే బయటికి వచ్చేస్తుందని మా అత్తగారు అంటున్నారు. నిజమేనా?
- ఒక తల్లి, గరివిడి

జవాబు: నిజం కాదమ్మా. మీరు సమయానికి చూశారు.

కంప్యూటర్లలో సాధారణంగా ఉండేది సీఆర్ 2032 రకం. వెడల్పు 20 మిల్లీమీటర్లు, 3 వోల్టులు. పసిపిల్లల అన్నవాహికలో సరిగ్గా ఇరుక్కుపోయే సైజు. ఇరుక్కుంటే చుట్టూ ఉన్న తడి కండలోంచి కరెంటు పారుతుంది. దాంతో అక్కడికక్కడే ఘాటైన క్షారం పుట్టి కండను కాల్చేస్తుంది. అందుకు బ్యాటరీ పగలక్కర్లేదు, కారక్కర్లేదు. పావుగంటలోనే కాలడం మొదలుకావచ్చు. రెండు గంటల్లో పుండు లోతుకు దిగిపోవచ్చు. కంప్యూటర్‌కు పనికిరాని పాత బ్యాటరీలో కూడా ఇంత హాని చేయగల కరెంటు మిగిలి ఉంటుంది. 2020లో అమెరికాలో రీస్ అనే ఏడాదిన్నర పాప రిమోట్‌లోని ఇలాంటి బ్యాటరీ మింగి చనిపోయింది. అక్కడ 2022లో ఆ పాప పేరు మీదే చట్టం తెచ్చారు.

మింగడం ఎవరూ చూడకపోతే మరీ కష్టం. చొంగ కారడం, ముద్ద దిగక ఏడవడం, దగ్గు, పిల్లికూతలు... జలుబనుకుని సిరప్ పోసి ఊరుకుంటారు. కొందరు పిల్లల్లో మొదట ఏ లక్షణమూ ఉండదు. అందుకే ఆసుపత్రిలో అడుగుపెట్టగానే ‘బ్యాటరీ మింగిందని అనుమానం’ అని ఆ మాటతోనే చెప్పండి. ఎక్స్‌రేలో దాని అంచు రెండు వలయాలుగా కనబడుతుంది, నాణేనికి సాధారణంగా అలా ఉండదు.

మన ఇళ్లలో ఏదైనా మింగితే అరటిపండో అన్నం ముద్దో పెట్టి కిందికి దింపాలని చూస్తారు. గొంతులో వేలు పెట్టి కక్కిస్తారు. ఇక్కడ రెండూ వద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి. పిల్లలకు ఎండోస్కోపీ చేసే చోటే బ్యాటరీ తీయగలరు. గరివిడి నుంచి విశాఖ కేజీహెచ్ చేరడానికే దాదాపు రెండు గంటలు పడుతుంది కాబట్టి దారిలో సమయం చాలా విలువైనది. బిడ్డకు ఏడాది దాటి ఉండి, మింగగలుగుతూ, బ్యాటరీ మింగి 12 గంటలు దాటకపోతే పది నిమిషాలకోసారి రెండు టీస్పూన్ల తేనె ఇవ్వండి. ఆరుసార్లకు మించొద్దు. ఏడాది లోపు పిల్లలకు తేనె అసలు వద్దు. తేనె కాలడాన్ని కాస్త నెమ్మదింపజేస్తుంది, అంతే. దానికోసం కొట్టుకు వెళ్లి ఆలస్యం చేయకండి.

బ్యాటరీ తీశాక కూడా కొన్ని వారాలు జాగ్రత్త అవసరం. కాలిన చోట చిల్లు పడవచ్చు, పక్కనున్న పెద్ద రక్తనాళం తెగవచ్చు. రక్తపు వాంతి గానీ నల్లటి విరేచనం గానీ కనబడితే క్షణం ఆగొద్దు. ముక్కులో దూర్చుకున్నా ఇది అత్యవసరమే. చుక్కల మందులు వేయకండి.

ఇక కంప్యూటర్ సంగతి. ఆ బ్యాటరీ తీసి పెడితే లోపలి సెట్టింగులు మొదటికి వస్తాయి, మీకు అలా చెప్పింది అందుకే. కానీ కరెంటు వైరు దిగే ఇనుప డబ్బాను, అంటే ఎస్ఎంపీఎస్‌ను, మాత్రం విప్పకండి. ప్లగ్గు పీకాక కూడా అందులోని కెపాసిటర్లలో ప్రాణం మీదికి తెచ్చే కరెంటు నిలిచి ఉంటుంది. ఆ పని మెకానిక్‌కే వదిలేయండి.

క్యాబినెట్ మూసి ఉన్నంతకాలం ఈ బ్యాటరీ పిల్లల చేతికి అందదు, విప్పినప్పుడే ముప్పు. తీసిన బ్యాటరీకి రెండు వైపులా టేపు అంటించి, ఎత్తున తాళం వేసి పెట్టండి. మీ ఊళ్లో కంప్యూటర్లు బాగుచేసే కుర్రాళ్లకు కూడా ఈ మాట చెప్పండి.