బైకు స్టాండు చప్పుడు

“సార్, మావాడు డైరెక్టర్ అవుతానంటున్నాడు.” ఈ మాట చెప్పేటప్పుడు తల్లిదండ్రులు గొంతు తగ్గిస్తారు, పక్కవాళ్లకు వినబడుతుందేమోనన్నట్టు. ఇంజనీరు అవుతానంటే మాత్రం ఆ గొంతు తగ్గదు. మీ భయం నాకు కొత్త కాదు. నేనూ ఇద్దరు పిల్లల తండ్రినే. వచ్చే ఏడు పదో తరగతి, చేతిలో ఎప్పుడూ ఫోను, ఏం చేస్తున్నావురా అంటే “షార్ట్ ఫిలిం” అన్న జవాబు. కంగారుపడని ఇల్లు ఏది?

ముందు నేను చెప్పే సినిమా క్లాసులో ఏం జరుగుతుందో చూద్దాం. రాగానే కెమెరా చేతికివ్వం. శనివారం సాయంత్రాలు నా దగ్గర కూర్చునే తొమ్మిదో తరగతి పిల్లలకు మొదటి నెలంతా కాగితం, పెన్సిలే. ఆరు గళ్లు గీసి, అమ్మ టీ పెట్టడాన్ని ఆరు బొమ్మల్లో చెప్పాలి. గిన్నె ముందా, అమ్మ ముఖం ముందా? టీ పొంగడం చూపించాలా, అమ్మ గబగబా స్టవ్ దగ్గరికి రావడం చూపిస్తే సరిపోతుందా? రోజూ తాగే టీ ఎలా తయారవుతుందో తను ఎప్పుడూ చూడలేదని పిల్లవాడికి అప్పుడు తడుతుంది. ఆ వారం వంటింటి గుమ్మంలో నిలబడి అమ్మను చూస్తాడు. “వీడికేమైంది సార్, కాళ్లకు అడ్డం పడుతున్నాడు” అని ఓ తల్లి నాకు ఫోన్ చేసింది కూడా.

తర్వాత శబ్దం. ఇంట్లో ఐదు నిమిషాలు కళ్లు మూసుకుని కూర్చుని, విన్నవన్నీ రాసుకురమ్మంటాను. గుంటూరులో బీఎస్సీ చదివిన దర్శకుడు కె. విశ్వనాథ్ గారు మద్రాసు వాహినీ స్టూడియోలో మొదట చేసింది సౌండ్ విభాగంలో పని అని చెబితే పిల్లలు నమ్మరు. ‘శంకరాభరణం’ వచ్చింది 1980లో. అంతకు ఎన్నో ఏళ్ల ముందు ఆయన చెవులతో పనిచేశారు.

ఆ చెవుల పాఠం నుంచే ఒక కుర్రాడు నిమిషం పది సెకన్ల వీడియో తెచ్చాడు. వాడి అనుమతితోనే చెబుతున్నాను. తెర మీద గోడ గడియారం ఒక్కటే, ఏడున్నర. లోపల టీవీలో క్రికెట్, చెల్లెలి నవ్వు, కుక్కర్ విజిల్. దూరంగా బైకు చప్పుడు. గేటు గడియ తీసిన చప్పుడు. బైకు స్టాండు వేసిన చప్పుడు. టీవీ టక్కున ఆగింది. కుర్చీ జరిగింది, పుస్తకంలో పేజీలు తిరిగాయి. చెల్లెలు మళ్లీ నవ్వలేదు. అంతే.

అర్ధసంవత్సర పరీక్షల మార్కుల గురించి నిలదీయడానికి వచ్చిన వాళ్ల నాన్నకు ఆ వీడియో చూపించింది నేను కాదు, వాడే. ఆయన రెండుసార్లు చూశారు. “ఆ బైకు మనదేనా?” అని అడిగారు. వాడు తలూపాడు. ఆయనకు కొడుకంటే ప్రాణం. వాడి ఫీజుల కోసమే రెండు చోట్ల పనిచేసి ఏడున్నరకు ఇల్లు చేరుతున్నారు. వాడికీ ఆ సంగతి తెలుసు. నోటితో చెప్పుకోలేనిది గడియారంతో చెప్పుకున్నాడు. మన పిల్లలు చాలామంది ఇలాగే ఉంటారు. అడిగితే “ఏం లేదు” అంటారు, తీసింది చూస్తే అంతా ఉంటుంది.

ఇక కష్టమైన మాట. ఈ క్లాసుకు వచ్చే పిల్లల్లో ఎక్కువమంది సినిమాల్లోకి వెళ్లరు. ఈ సంగతి వాళ్లకూ మొదటి వారమే చెబుతాను. అలాగని తొమ్మిదో తరగతిలోనే ‘చదువా, సినిమానా’ అని పంచాయితీ పెట్టుకోనక్కర్లేదు. పుణెలో 1960లో మొదలైన ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్‌లో డైరెక్షన్, కెమెరా, ఎడిటింగ్ కోర్సులు చేయాలంటే డిగ్రీ ఉండాలి. కోల్‌కతాలో సత్యజిత్ రాయ్ పేరిట ఉన్న సంస్థలోనూ అంతే. నిజంగా ఆ దారి పట్టాలనుకున్న పిల్లవాడికైనా ముందున్నది చదువే. ఈ మాట మనం బెదిరింపుగా అంటే వినరు. ఇద్దరం కలిసి ఆ వివరాలు చూస్తే వింటారు.

ఫోను లాక్కున్న ఇళ్లను చూశాను. ఆ పిల్లలు తీయడం మానలేదు, ఇంట్లో చూపించడం మానేశారు. దానికంటే వేళ పెట్టడం మేలు. ఎడిటింగ్‌కు కూర్చుంటే రెండు నిమిషాల వీడియోకే ఒక సాయంత్రం పోతుంది, పెద్దవాళ్లకైనా. కాబట్టి కంప్యూటర్ హాల్లో ఉండనివ్వండి, పదింటికి కట్టేయాలి, పరీక్షల నెలలో సెలవు. ఖరీదైన కెమెరా అడిగితే ఇప్పుడే కొనకండి. ఫోను చాలు. కొనిపెట్టాలని మనసైతే కాలర్ మైకు, చిన్న ట్రైపాడ్ కొనండి. బొమ్మ కాస్త మసకగా ఉన్నా జనం చూస్తారు, మాట వినబడకపోతే లేచిపోతారు.

కోపం కన్నా మన మురిపెమంటేనే నాకు భయం ఎక్కువ. పిల్ల తీసిందని అడక్కుండానే బంధువుల గ్రూపుల్లో పెట్టేస్తాం, యూట్యూబ్‌లో ఎక్కించి వ్యూస్ లెక్కపెడతాం. ఒకమ్మాయి తమ వీధి దర్జీ మీద చక్కని వీడియో తీసింది. వాళ్ల నాన్న ముచ్చటపడి అప్‌లోడ్ చేశారు. వారానికి నలభై మూడు వ్యూస్. అదే వారం పక్కింటి పిల్ల డాన్సు రీలుకు వేలల్లో వచ్చాయి. ఈ పిల్ల ఫైలు మొత్తం చెరిపేసింది, అసలు ఫుటేజీతో సహా. ఆ దర్జీ తాత సూదిలో దారం ఎక్కించడానికి నాలుగుసార్లు తడబడి, ఐదోసారి నవ్విన షాట్ నాకిప్పటికీ కళ్లముందుంది. అది ఇక ఎక్కడా లేదు. తీసినదాన్ని ఎవరికి చూపాలో పిల్లలనే తేల్చుకోనిద్దాం. తీసే ముందు ఎదుటివాళ్లను అడగాలని నేర్పుతున్నాం కదా, వాళ్లనూ మనం అడగాలి.

మీ అమ్మాయి “నాన్నా, ఒకసారి చూడవా” అంటే మీ ఫోను బోర్లా పెట్టి చివరిదాకా చూడండి. బాగుందనో బాలేదనో వెంటనే అనొద్దు. ఇదెక్కడ తీశావ్, ఆ పిట్ట కూత ఎలా దొరికింది, ఎన్ని టేకులయ్యాయి, అని అడగండి. గంటసేపు చెబుతుంది. ఎండాకాలంలో “రెండు నిమిషాలు ఫ్యాను ఆపండి, టేక్ చేస్తున్నా” అన్నదనుకోండి, ఆపేయండి. చెమట పడుతుంది. దగ్గు వచ్చినా కాస్త ఆపుకోండి.