పారిజాతపు కాడ రంగు

రసాయనపు రంగులు లేని పట్టు కావాలని అడిగేవారు నేడు మన ఇండ్లకు వస్తున్నారు. వారికి పారిజాతపు రంగు చూపదలచిన నేతకుటుంబాలు దాని గుణముతోపాటు దోషమును కూడ తెలిసికొనవలెను.

పారిజాతము హిమాలయ పాదప్రాంతపు కొండవాలులలో సహజముగా పెరిగే పెద్ద పొద. నేడు దేశమంతటా పెరళ్లలో ఉన్నది. మన ఇరుగుపొరుగువారిలో తమిళులు పవళమల్లి అనీ, ఒరియావారు గంగశివుళి అనీ, మరాఠీలు ప్రాజక్త అనీ అంటారు. పువ్వు రాత్రి విచ్చి తెల్లవారేసరికి రాలుతుంది. రంగు ఉన్నది తెల్లని రేకులలో కాదు, పగడపు రంగు కాడలో. కుంకుమపువ్వుకు రంగునిచ్చే క్రోసిన్ జాతి పదార్థమే ఈ కాడలోనూ ఉన్నది. ఇది నూలుకూ ఎక్కుతుంది గాని, పూర్వులు ఎక్కువగా పట్టుకే వాడేవారు.

వానకాలము చివరనుండి పూలు రాలుతుంటాయి. ఉదయమే ఏరి, కాడలు వేరుచేసి, నీడన ఆరబెట్టవలెను. కాడ చిన్నది కనుక చాలా పూలు కావలెను. జిగురు తీసిన పట్టు 100 గ్రాములకు 10 గ్రాముల పటిక కరిగించిన గోరువెచ్చని నీటిలో చిలపను ముందుగా నానబెట్టవలెను. కాడలను వేరుగా కాచి, వడగట్టి, ఆ రంగునీటిలో చిలపను ముంచి, తెర్లనీయక సన్నని సెగమీద తిప్పుచుండవలెను. ఇనుపపాత్ర రంగును మందగింపజేస్తుంది; స్టీలు గిన్నె మేలు. బంగారు పసుపు రంగు వస్తుంది.

ఇక దోషము. ఈ రంగు ఎండకు త్వరగా వెలుస్తుంది, నీటిలో కరిగేది కనుక ఉతుకులోనూ దిగుతుంది. పటిక కొంత ఆపుతుంది గాని పూర్తిగా ఆపలేదు. కనుక మగ్గమెక్కించక ముందే పరీక్ష చేయవలెను. అద్దిన చిన్న చిలపలో సగము నల్లకాగితముతో గట్టిగా చుట్టి వారము రోజులు ఎండలో ఉంచి, విప్పి రెండు సగములను పోల్చి చూడవలెను. మరొక ముక్కను తెల్లదారముతో కలిపి ఉతికి, తెల్లదారమునకు రంగు అంటినదేమో గమనించవలెను.

నిత్యము కట్టే చీరకు ఈ రంగు తగదని మా అభిప్రాయము. ఎప్పుడో ఒకనాడు కట్టి, నీడన భద్రపరచే వస్త్రమునకు వాడవచ్చును. అమ్మేటప్పుడు వెలిసే గుణమును ముందే చెప్పవలెను. చెప్పక అమ్మిన చీర వెలిస్తే, కొన్నవారు పారిజాతమును నిందించరు, మన నేతనే నిందిస్తారు.