బండ ఎక్కేముందు తాడు పట్టాలి

మోత్కూరు వాళ్లకు భువనగిరి గుట్ట కొత్తది కాదు. రాయగిరి మీదుగా పట్నం పోయే బస్సెక్కిన ప్రతివాళ్లూ కిటికీలోంచి దాన్ని చూసే ఉంటారు. చుట్టూ చదునైన నేల, మధ్యలో ఐదు వందల అడుగులకు పైగా లేచిన ఒకే ఒక్క బండ. పశ్చిమ చాళుక్యుల ఆరో విక్రమాదిత్యునికి త్రిభువనమల్లుడని బిరుదు. కోటకూ ఊరికీ పేరు ఆయన నుంచే వచ్చిందంటారు. బడిలో సైన్సు చెప్పిన రోజుల్లో పిల్లల్ని ఏటా మెట్లదారిన పైకి తీసుకుపోయేవాణ్ణి. మెట్లు లేని దిక్కున, నడుముకు తాడు కట్టుకుని, ముక్కూముఖం తెలియని పదిమందితో కలిసి వారం పాటు రాక్ క్లైంబింగ్ నేర్చుకున్నది మాత్రం పెన్షను మొదలయ్యాకే. నా బ్యాచ్‌లో సగం మంది నా దగ్గర చదువుకున్న పిల్లల వయసు వాళ్లు. పోదామా వద్దా అని ఊగిసలాడేవాళ్లకు, ముఖ్యంగా నలభై దాటినవాళ్లకు, పనికొస్తుందని రాస్తున్నాను.

1. పొద్దు పొడవకముందే బండ దగ్గరుండండి.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈ విద్యకు మంచి కాలం. మార్చి దాటితే పొద్దెక్కుతూనే రాయి కాలడం మొదలవుతుంది. వేళ్లు చురుక్కుమనడం ఒక్కటే కాదు కష్టం. చెమట పట్టిన వేళ్లు జారతాయి, షూ అడుగున ఉండే రబ్బరు మెత్తబడి పట్టు విడుస్తుంది. ఏడింటికి నిలిచిన చోటే పదింటికి కాలు నిలవదు. వానాకాలం సంగతి వేరు. బండ మీద నీళ్లు జారిన దారుల్లో నల్లచారలు కనిపిస్తాయి చూడండి, అది నాచు జాతి. ఎండినప్పుడు ఏమీ అనదు, తడి తగిలితే మాత్రం సబ్బే. ఆ చారల జోలికి పోవద్దు.

2. బండను కావలించుకోవద్దు.

ఏటవాలు రాయి మీద భయపడ్డ మనిషి మొదట చేసే పని పొట్టను రాయికి ఆనించి పడుకోవడం. అదే జారడానికి దగ్గరి దారి. ఘర్షణ బలం గురించి నల్లబల్ల మీద ఏళ్ల తరబడి చెప్పినవాణ్ణి, అది నా అరికాళ్ల కింద ఎట్లా పనిచేస్తుందో అక్కడే తెలిసింది. ఒంటిని రాయి మీదికి వాల్చితే పాదాలు బయటికి తన్నుకుంటాయి. నడుము రాయికి దూరంగా పెట్టి నిటారుగా నిలబడితే బరువంతా పాదాల మీదికి దిగి, రబ్బరు రాయిని కరుచుకుంటుంది. మనసు ఒకటి చెప్తుంది, బండ ఇంకొకటి అడుగుతుంది. మా శిక్షకుడు కింది నుంచి రోజంతా అరిచింది ఒకటే మాట: "చేతులతోని ఎక్కకుండ్రి సార్, కాళ్లతోని ఎక్కుండ్రి. మడిమ దించుండ్రి!"

జిమ్ములో కండలు పెంచిన కుర్రాళ్లు ఇద్దరు మాతో ఉన్నారు. దొరికిన ప్రతి అంచునూ చేతులతో పట్టి ఒంటిని పైకి గుంజేవాళ్లు. మధ్యాహ్నానికి ముంజేతులు రాళ్లలా గట్టిపడి, నీళ్లసీసా మూత తిప్పలేకపోయారు. డిగ్రీ చదివే ఒక బక్కపల్చటి అమ్మాయి మాత్రం అడుగు వేసేముందు ప్రతిసారీ షూ అడుగును రెండో కాలి పిక్కకు రుద్దుకుని ఇసుక దులిపేది. తర్వాత పెట్టబోయే చోటును చూసేది. బొటనవేలి దగ్గరి రబ్బరు అక్కడ కుదురుకునేదాకా ఆ చోటు మీంచి చూపు తిప్పేది కాదు. మనం సాధారణంగా పాదం చేరకముందే తలెత్తి చేతికి ఆధారం వెతుకుతాం. ఆ ఒక్క క్షణంలోనే కాలు తప్పుతుంది. కోర్సు ముగిసేసరికి అందరికంటే పైకి పోయింది ఆ పిల్లే.

3. రాయిని తట్టి చూడండి.

మన తెలంగాణ గ్రానైట్ దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటిది. భూమి లోపల మహా బరువు కింద గడ్డకట్టిన రాయి ఇది. మీదున్న మన్నూ రాళ్లూ కోట్ల ఏళ్లపాటు కొట్టుకుపోయి ఆ బరువు తగ్గేసరికి ఉల్లిగడ్డలా పొరలు పొరలుగా విచ్చింది. భువనగిరి బండకు ఆ గుండ్రటి నున్నదనం అట్లా వచ్చిందే. చూడటానికి ఏకశిలగా కనిపించినా అక్కడక్కడా పైపొర లోపలి రాయిని విడిచి ఉంటుంది. గుప్పిటతో కొడితే ఒకచోట 'టక్' మంటుంది, ఒకచోట 'డబ్' మంటుంది. డబ్బుమన్నది డొల్ల. దాన్ని లాగి పట్టుకోకూడదు.

ఇది వడ్డెర పనివాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. బండ మీద వరసగా మంటలు పెట్టి, వేడికి పొర లేచిందో లేదో సుత్తి చప్పుడును బట్టి చెప్పేవాళ్లను నా చిన్నతనంలో చూశాను. పర్వతారోహణ పుస్తకాలు ఇప్పుడు చెప్పేది వాళ్లు ఎప్పటినుంచో చెవితో చేస్తున్నారు.

4. వంతు కోసం ఆగే టైమే అసలు క్లాసు.

గుంపులో నేర్చుకోవడానికి వెళ్లినవాళ్ల మొదటి ఫిర్యాదు ఇది: డబ్బు కడితే రోజుకు నాలుగుసార్లు కూడా ఎక్కనివ్వలేదు, మిగతా టైమంతా నిలబడటమే సరిపోయింది అని. లెక్క నిజమే. తాళ్లు రెండు మూడు, మనుషులు పదిమంది. బండ మీద ఉండేది కాసేపు, కింద ఉండేది గంటలు. కానీ ఆ గంటల్లో పైవాడి కాలు ఎక్కడ తడబడింది, ఏ అంచు మోసం చేసింది, ఎవరు ఏ పక్కకు తిరిగి బయటపడ్డారు అన్నది కళ్లు అప్పగించి చూసినవాడికి తన వంతు వచ్చేసరికి సగం దారి తెలిసే ఉంటుంది. ఫోన్ చూసుకుంటూ కూర్చున్నవాడు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి.

అందరికంటే నెమ్మదైనవాణ్ణి విసుక్కోవద్దు. వాడు ఒక్కో అడుగూ ఆగి ఆగి వేస్తాడు గనక, పాఠం బాగా కనిపించేది వాడి దగ్గరే. మా బ్యాచ్‌లో ఆ పదవి నాదే.

5. ఎక్కడం సగం పనే, తాడు పట్టడం మిగతా సగం.

దీన్ని అందరూ చివర్లో నేర్చుకుంటారు, నా దృష్టిలో మొదట నేర్చుకోవలసింది ఇదే. ఎక్కేవాడి నడుము పట్టీకి ఎనిమిది అంకె ఆకారంలో ముడివేసిన తాడు ఉంటుంది. అది పైన కట్టిన ఆధారం గుండా పోయి తిరిగి కిందికి, ఇంకో మనిషి చేతిలోకి వస్తుంది. ఆ మనిషిని బిలేయర్ అంటారు. పైవాడు ఎక్కుతున్నకొద్దీ వదులైన తాడును లాగుతూ, తన నడుముకున్న పరికరం గుండా బిగించుకుంటూ పోవాలి. కిందికి వేలాడే తాడును పట్టుకున్న చెయ్యి, దాన్ని బ్రేక్ చెయ్యి అంటారు, ఒక్క క్షణం కూడా విడవకూడదు. ఈగ వాలినా, ఫోన్ మోగినా, చెమట కంట్లోకి కారినా సరే.

పని మొదలుపెట్టేముందు ఒకరి ముడి ఒకరు చూడాలి. నాది నేను చూసుకున్నాను అంటే చెల్లదు. అలవాటైన కన్నుకు తన తప్పు కనిపించదు, పరీక్ష పేపర్లు దిద్దినవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. కొక్కేన్ని, అంటే కారబినర్‌ను, చేతిలోకి తీసుకుని చూడండి. దాని మీద 22 కిలోన్యూటన్లు అనో అంతకు అటూ ఇటూగానో చెక్కి ఉంటుంది. సుమారు రెండు వేల రెండు వందల కిలోల బరువుకు సమానం. కొక్కెం అంత తేలిగ్గా తెగదు, బాగున్న తాడూ తెగదు. తెగేదల్లా మనిషి ధ్యాసే.

మొదటిసారి ఒక కుర్రవాడి తాడు నా చేతికిచ్చినప్పుడు నాకు ఎక్కేటప్పటికంటే ఎక్కువ చెమట పట్టింది. వాడు పైనుంచి "టైట్!" అని అరిచి కాలు జారాడు. తాడు సాగి, నన్ను రెండడుగులు ముందుకు గుంజి ఆగింది. ఎక్కేవాళ్ల తాడు ఆ మాత్రం సాగేలాగే అల్లుతారు, లేకపోతే ఆ కుదుపుకు నడుము పట్టేస్తుంది. వాడు గాలిలో వేలాడుతూ కిందికి చూసి, "థాంక్యూ తాతా" అన్నాడు. అప్పటిదాకా సార్ అనేవాడు.

6. తాడును తొక్కవద్దు.

ఇసుకరేణువు పైతొడుగు దాటి లోపలి పోగుల్లోకి దిగితే మెల్లగా కోస్తుంది. దాటి పోండి, అంతే.

7. దిగేటప్పుడు మొదటి అడుగు వెనక్కి వేయాలి.

ర్యాపెల్లింగ్ అంటే తాడు పట్టుకుని బండ మీద వెనక్కి నడుస్తూ దిగడం. అంచున నిలబడి, వీపు వెనక ఖాళీ పెట్టుకుని, ఒంటిని దానిలోకి వాల్చాలి. సగం వాలి ఆగితేనే ప్రమాదం, పాదాలు జారి మోకాళ్లు రాయికి కొట్టుకుంటాయి. పూర్తిగా వాలి, కాళ్లు ఎడం చేసి, కింది చెయ్యి తుంటి దగ్గర పెట్టుకుంటే పిల్లవాడైనా దిగుతాడు. ధైర్యం వచ్చాక వాలదామనుకుంటే సాయంత్రం దాకా అంచునే ఉంటారు. ముందు వాలాలి, ధైర్యం తర్వాత అదే వస్తుంది.

8. శిఖరం పేరు చెప్పి పిల్లల్ని పంపకండి.

ఈ గుట్ట పేరు దేశమంతా వినిపించింది 2014లో. సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు వందమందికి పైగా అంతకుముందు ఏడాది ఇక్కడే రాక్ క్లైంబింగ్ నేర్చుకున్నారు. అప్పటి గురుకులాల కార్యదర్శి ఆర్.ఎస్. ప్రవీణ్‌కుమార్ పూనుకోగా, శేఖర్‌బాబు బాచినేపల్లి శిక్షణ ఇచ్చారు. వడపోతలో మిగిలినవాళ్లు డార్జిలింగ్‌లోని హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు, ఆ తర్వాత లడఖ్ చలికి వెళ్లారు. చివరికి ఇద్దరు మిగిలారు. నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా కుర్రాడు సాధనపల్లి ఆనంద్‌కుమార్. నేపాల్ వైపు పదహారేళ్లు నిండితేనే ఎక్కనిస్తారు గనక టిబెట్ వైపు నుంచి వెళ్లి, 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కారు. అప్పటికి పూర్ణకు పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. 2022 జూన్‌లో అలాస్కాలోని డెనాలీ ఎక్కి ఏడు ఖండాల శిఖరాలూ పూర్తిచేసింది.

గర్వించదగ్గదే. కానీ నా ధ్యాస ఆ మిగతా వందమంది మీదికి పోతుంది. భువనగిరిలో వంతులవారీగా ఎక్కిన రోజుల్లో పూర్ణ తాడు కింద ఎవరో ఒకరు పట్టే ఉంటారు. వాళ్ల ఫ్లెక్సీలు ఏ చౌరస్తాలోనూ కట్టలేదు. ఆ ఘనత తర్వాత మన దగ్గర తల్లిదండ్రులకు ఒక తొందర పట్టుకుంది, వారం కోర్సు కాగానే కిలిమంజారో ఎప్పుడని అడుగుతున్నారు. పదేళ్ల పిల్లవాడు పక్కవాడి ముడి సరిచూడటం నేర్చుకుని ఇంటికొస్తే ఆ ఫీజుకు అది చాలు.

9. మోకాళ్లు.

ఎక్కడం కాదు, సాయంత్రం మెట్లదారిన దిగడమే నన్ను ఏడిపించింది. నలభై దాటినవాళ్లు వెళ్లేముందు నెలరోజులైనా మెట్లు ఎక్కి దిగడం అలవాటు చేసుకోండి. బీపీ ఉంటే దాచకుండా చెప్పండి.

10. తాడు మన ఊరికి కొత్తేమీ కాదు.

మోత్కూరు చుట్టుపక్కల ఏ చెరువుకట్ట మీద నిలబడ్డా తాటిచెట్లే. మోకుతాడు, ముస్తాదు వేసుకుని రోజూ రెండుపూటలా ఎక్కే గీత కార్మికుల ముందు మా వారం కోర్సు ఎంత? పాదాలతో ఎక్కడం, చెట్టుకు దూరంగా వాలి నిలబడటం వాళ్ల నాయన వాళ్లకు చిన్నప్పుడే నేర్పాడు. తేడా ఒక్కటే. ఆ చెట్టు కింద ఇంకో మనిషి ఉండడు. మోకు జారితే ఆపేది ఏదీ లేదు. పడి నడుం విరిగి మంచాన పడ్డవాళ్లు లేని ఊరు మా దిక్కున అరుదు.

2024 జూలైలో రాష్ట్ర ప్రభుత్వం అబ్దుల్లాపూర్‌మెట్ మండలం లష్కర్‌గూడలో 'కాటమయ్య రక్షణ కవచం' పథకాన్ని మొదలుపెట్టింది. నడుము పట్టీ, తాడు, కొక్కేలతో కిట్టు, ఎట్లా వాడాలో శిక్షణ. గుట్టలెక్కేవాళ్ల సరంజామా తాటిచెట్టు దాకా రావడానికి ఇంత ఆలస్యం కావడమే నాకు విడ్డూరం. మా వాడకట్టులో గీసే ఒకాయన, నాకు తమ్ముని వరుస, పట్టీ కట్టుకోవడానికి ముందు ఒప్పుకోలేదు. "అన్నా, ఒక్కో చెట్టుకాడ ఇది కట్టుకుంట ఇప్పుకుంట కూసుంటే పొద్దెక్కుతది, కల్లు పులుస్తది. గిరాకీ ఆగుతదా?" ఆయన చెప్పిందాంట్లో న్యాయముంది. మాకు వారమంతా ఒకటే బండ, ఆయనకు తెల్లారకముందే పదికి పైగా చెట్లు. పట్టీ కట్టుకోవడానికి ఎంతసేపు పడుతుందో గడియారం పెట్టి చూద్దామని ఇద్దరం చెట్టు కిందికి పోయాం. మూడోసారికి ఆయన చెయ్యి నాకంటే జోరుగా ఆడింది. "సరే, పొడుగు తాటిచెట్లకైతే కడత. ఈతచెట్లకు మాత్రం నన్నడగకు" అన్నాడు. వాన పడి చెట్టు నానితే ఈతకైనా కట్టాలని నేనంటాను. ఆ పంచాయితీ ఇంకా తెగలేదు.